పందెం శీలావతి

సౌదీలో రాస్ తనూరా దగ్గర రహీమా బజారులో బంగ్లాదేశ్ వాళ్ళ బఖాలా, అంటే కిరాణా కొట్టు, ఒకటి ఉండేది. గుమ్మం పక్కన ఖుబ్బూస్ రొట్టెల బల్ల, దాని వెనక రాబియా టీ పెట్టెలు, నిడో డబ్బాలు, పైన దండేనికి వేలాడే రబ్బరు చెప్పులు, లోపల చివరి గోడకి ఆనించి పొడుగాటి డీప్‌ఫ్రీజరు. ఆ ఫ్రీజరు అడుగున, కోడిమాంసం అట్టపెట్టెల కింద, మయన్మార్ నుంచో బంగ్లాదేశ్ నుంచో ఓడెక్కి వచ్చిన శీలావతులు కళ్ళు తెరిచే బిగుసుకుపోయి ఉండేవి. చలికాలం పొడుగునా మేం వేసుకున్న పందేలన్నీ వాటిలో ఒకదాని కోసమే. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని, అందులో హమూరూ షేరీ సాఫీ ఈదుతుండగా, ఎక్కడి చెరువులోనో పుట్టి మంచులో వచ్చిన మంచినీటి చేప కోసం పందెమేమిటని మలబారు వాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు. ఉప్పునీటి పక్కన ఏళ్ళకేళ్ళు బతికినవాడికి ఏ చేప మీద మనసు పోతుందో ఉప్పునీటి వాళ్ళకేం తెలుస్తుంది.

రాస్ తనూరా మ్యాపులో చూస్తే సన్నటి ఇసుక ముక్కు. ఒకవైపు గల్ఫ్, ఇంకోవైపు తారూత్ అఖాతం, మధ్యలో ట్యాంకులు, పైపులు, ఫ్లేరు గొట్టాలు, వాటి చుట్టూ కంచె. 1939 మే 1న రాజు అబ్దుల్ అజీజ్ స్వయంగా వచ్చి వాల్వు తిప్పితే, సౌదీ ముడినూనె మొదటిసారి డి.జి. స్కోఫీల్డ్ అనే ట్యాంకరులోకి పారింది ఇక్కడే. 1945లో పెద్ద రిఫైనరీ నడక మొదలుపెట్టింది. ఆ రోజుల నుంచీ ఆ ముక్కు మీదికి మనుషులు రావడమూ పోవడమే. నేను వెళ్ళింది 1998లో, ఇంకా విమానాలు పాత దహ్రాన్ ఎయిర్‌పోర్టులోనే దిగుతున్న కాలంలో; మరుసటి ఏడు నవంబరులో దమ్మాం దగ్గర కొత్తది తెరిచారు. మా పని టీ అండ్ ఐ పని, అంటే యూనిట్టు ఆపి, విప్పి, చూసి, బాగుచేసి, మళ్ళీ బిగించడం. ఎండాకాలం ఇనుము చేత్తో ముట్టుకోలేం కాబట్టి ఎక్కువగా చలికాలంలోనే మనుషుల్ని లారీల లెక్కన దింపేవాళ్ళు. కోనసీమ పైపు ఫిట్టర్లు, శ్రీకాకుళం రిగ్గర్లు, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి స్కాఫోల్డింగు వాళ్ళు, హెల్పర్లు, రాయచోటి డ్రైవర్లు. తెలుగువాళ్ళమే అయినా ఊళ్ళో ఉంటే ఒకరి గడప ఒకరం తొక్కేవాళ్ళం కాదు. అక్కడ ఒకే పోర్టకాబిన్‌లో పైమంచం కిందమంచం.

పందెం పెట్టాలన్న ఆలోచన మాది కాదు. వెల్డింగు జాయింట్లు చూసే ఇన్‌స్పెక్టరు ఒకాయన ఉండేవాడు, ఇంగ్లండు ఉత్తరాన ఏదో మిల్లుల ఊరివాడు, టీ టైములో మా ఫిట్టరు మామతో చేపల కబుర్లు కలిపాడు. వాళ్ళ దగ్గర చలికాలంలో లీగు పోటీలుంటాయట. చెరువు గట్టునో కాలవ గట్టునో మేకులు పాతి నంబర్లు వేసి, ఎవరు ఏ మేకు దగ్గర కూర్చోవాలో చీటీలు తీసి, ఈల వేస్తే గాలాలు వేసి, ఐదేసి గంటలు చలిలో కూర్చుని, మళ్ళీ ఈల వేస్తే గాలాలు ఎత్తేసి, పట్టినవాటిని అప్పటిదాకా నీళ్ళలోనే పొడుగాటి వలసంచిలో బతికుంచి, తూచి, రాసుకుని, తిరిగి నీళ్ళలోకే వదిలేస్తారట. మామకి ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి ఆఖరి ముక్క తనకి సరిగ్గా అర్థం కాలేదేమోనని నన్ను పిలిచి అడిగించాడు. వదిలేస్తారు, కార్పునైనా సరే, పదేసి కిలోలున్నా సరే. ఆ రాత్రి మెస్సులో మామ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "పట్టి, తూచి, మళ్ళీ సెరువులో పారేత్తారంటరా! పులుసు సంగతి ఆళ్ళకెవరూ సెప్పినట్టు లేదు పాపం" అన్నాడు, నిజంగానే జాలిపడుతూ.

ఆ ఇంగ్లీషాయన చెప్పిన కార్పూ మా బంగారు తీగా ఒకటే చేప. డాన్యూబు నీళ్ళ నుంచి పడమటికి పాకుతూ మధ్యయుగాల్లో ఇంగ్లండు చేరింది; మన దేశానికి ఒక రకం 1939లో, అంటే రాస్ తనూరాలో తొలి ట్యాంకరు నిండిన ఏడే, సిలోను నుంచి నీలగిరి చెరువుల్లోకి వచ్చింది; ఇంకో రకం 1957లో బ్యాంకాక్ నుంచి కటక్ వచ్చింది. ఆ 1957 జులైలోనే హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త మన కార్పులకి పీయూష గ్రంథి రసం సూదిమందుగా ఇచ్చి నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టించాడు. అంతవరకూ చేపపిల్ల కావాలంటే వరద నదిలోకి దిగి ఏరుకోవాలి. ఆ తర్వాత బొచ్చె, శీలావతి పిల్లల్ని కుండల్లోనూ సంచుల్లోనూ అమ్మడం మొదలైంది, పండని చేలూ పండే చేలూ కూడా చెరువులయ్యాయి, కొల్లేటి చుట్టూ గట్లు లేచాయి, మంచుపెట్టెలు నింపుకుని లారీలు హౌరా దారి పట్టాయి. మా మామ గాలం నేర్చుకుంది అంతకుముందటి ఊరి చెరువులో, జీలుగు బెండూ నెమలీక కాడా కట్టి. మానుకున్నదీ ఆ చెరువు దగ్గరే. చెరువు వేలంపాట పాడుకున్నవాడు కాపలా మనిషిని పెట్టాక గాలం పట్టుకున్న కుర్రాడు దొంగ అయ్యాడు. కాబట్టి గల్ఫుకొచ్చి ఏదో పోగొట్టుకున్నామని మేం అనుకునేవాటిలో కొన్ని రైలెక్కక ముందే పోయినవి.

చీటీలకి సిగరెట్టు పెట్టెల అట్ట చింపేవాళ్ళం. మేకులకి బదులు గట్టున పడున్న సిమెంటు దిమ్మల మీద పెయింటు మార్కరుతో నంబర్లు. ఈల మాత్రం అసలైనది, హోల్ వాచ్ డ్యూటీ చేసే సిరిసిల్ల తమ్ముడి మెడలోది. వెసెల్ లోపల మనిషికి ఊపిరాడకపోతే ఊదాల్సిన ఈలని శుక్రవారం పొద్దున చేపల కోసం ఊదేవాడు. దారం చుట్టడానికి విరిగిన స్కాఫోల్డింగు పలక ముక్కలు. గుండ్లు మేమే పోసుకునేవాళ్ళం, పాత బ్యాటరీ సీసం గరిటెలో కరిగించి తడి ఇసుకలో వేలితో గుంట చేసి అందులో ఒంపి, చల్లారకముందే తీగ ముక్క గుచ్చి. ఆ పొగ పీల్చకూడదని మాకు సేఫ్టీ క్లాసుల్లో చెప్పేవాళ్ళు, పని దగ్గర పాటించేవాళ్ళం కూడా. చేప లాగితే మోగేలా దారానికి గజ్జె కట్టే అలవాటు ఎవరు తెచ్చారో గుర్తురావడం లేదు. రాయచోటి డ్రైవరేమో, ఆయన దగ్గరే గజ్జెలుండేవి, ఎందుకుండేవో అడగలేదు.

ఎర దగ్గర మాత్రం రెండు మతాలు. శ్రీకాకుళం బావది రొయ్య మతం. కతీఫ్ చేపల మార్కెట్టులో కొన్న చిన్న రొయ్యని తల గిల్లి, తోక వైపు నుంచి గాలానికి ఎక్కించి, ముల్లు మొన పొట్ట దగ్గర కనీకనపడకుండా దాచేవాడు. ఫిబ్రవరి నుంచి జులై దాకా అక్కడ రొయ్యల వేట మూసేస్తారు కనుక జనవరి చివర్లోనే కొని మెస్సు ఫ్రీజర్లో వంటవాడి కాళ్ళు పట్టుకుని దాచేవాడు. మామది పిండి మతం. నిన్నటి ఖుబ్బూస్ నానబెట్టి, గట్టిగా పిండి, గోధుమపిండి, దంచిన వెల్లుల్లి, ఇంటి నుంచి పచ్చళ్ళ సీసాల మధ్య తెచ్చుకున్న తెలగపిండి చిటికెడు చిటికెడుగా వేసి, నీళ్ళలో విడిపోకుండా దూదిపీచు కలిపి, అరచేతి మడమతో ఒత్తి ఒత్తి, చెవితమ్మెని తాకి చూసుకుని ఆ మెత్తదనం వచ్చేదాకా వదిలేవాడు కాదు. బొచ్చెకి కట్టే ఎర అది. ఉప్పుసముద్రంలో తెలగపిండి ఏం పనికొస్తుందని బావ ఎగతాళి చేసేవాడు గానీ, షామ్ అని అరబ్బులు పిలిచే పసుపు రెక్కల చేప ఒకటుంది, అది దేన్నైనా తింటుంది, పిండిని ఇంకా ఇష్టంగా తింటుంది. అది చిక్కినప్పుడల్లా మామ బావ వైపు చూసేవాడు కాదు, చూడాల్సిన పనిలేదని చూపించుకోవడానికి.

చలి అంటే ఇక్కడెవరూ నమ్మరు. సౌదీలో చలేమిటంటారు. గల్ఫు లోతు తక్కువ సముద్రం, సగటున 35 మీటర్లే, అందుకని ఎంత తొందరగా కాగుతుందో అంత తొందరగానూ చల్లారుతుంది. డిసెంబరు దాటాక ఉత్తరం నుంచి షమాల్ గాలి పట్టిందంటే రెండు కవరాళ్ళు ఒకదాని మీద ఒకటి తొడిగి, మంకీ టోపీ మీద షెమాగ్ చుట్టి కూర్చున్నా పళ్ళు టకటకలాడేవి. చాలా చేపలు లోతుకి తప్పుకునేవి. షామ్ మాత్రం ఆ నెలల్లోనే గుడ్లు మోసుకుని గట్టు వైపుకి వస్తుంది, పోటు మీద వచ్చి పాటు మీద పోతుంది, కాబట్టి మా ఈల సూర్యుణ్ణి బట్టి కాక పోటుని బట్టి మోగేది. అయినా ఎక్కువ శుక్రవారాలు గజ్జె మోగకుండానే గడిచేవి. మంచు పొర దిగి ఎదుటి మనిషి కూడా మసకగా ఉండేది, ఫ్లేరు మంట ఆ మంచులో ఎర్రగా కరిగి కనపడేది, దూరంగా సముద్రంలో కట్టిన టెర్మినల్ దగ్గర ట్యాంకరు కూత పెట్టేది, ఎవరో ఒకరు ఇంటి అప్పు లెక్క గొణిగేవాళ్ళు. ఇంగ్లండులోనూ చలికాలం పోటీ అంటే ఇంతేనట, నీళ్ళు చల్లబడితే కార్పు అడుగున కదలకుండా పడుంటుంది, చాలామంది సున్నా రాయించుకుని ఇంటికి పోతారు. సున్నాకి మేం పెట్టుకున్న పేరు ఇక్కడ రాయదగ్గది కాదు.

కాటా స్ప్రింగు కాటా. రాసేది నేను, బౌండు పుస్తకంలో, కార్బను పేపరు మిగిలితే కింద ఒక నకలు కూడా. తేదీ, దిమ్మ నంబరు, చేప, బరువు. సాఫీ పడితే తూకంలోకి తీసుకునేవాళ్ళం కాదు, ఎందుకంటే దాన్ని గాలం నుంచి విప్పడమే ఒక గండం. వీపు ముళ్ళకి విషం ఉంటుంది. గుచ్చుకుంటే మోచేతి దాకా మంట ఎక్కుతుంది, తట్టుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి ముంచి ఉంచడమే మందు, ఆ వేడినీళ్ళు టీ ఫ్లాస్కులోవి. ఒకసారి జగిత్యాల అన్న ఫ్లాస్కులోకే వేలు దోపాడు. ఆ టీ మేం తాగాం.

చేపలు వదిలేసే నియమం మేం దిగుమతి చేసుకోలేదని వేరే చెప్పక్కర్లేదు. గదుల్లో వండకూడదు, వండేవాళ్ళం. కిటికీకి తడి తువ్వాలు కట్టి, హాట్‌ప్లేటు మంచం కింద పెట్టి. మామ పులుసులో పచ్చిమామిడి లేదని బాధ, జగిత్యాల అన్నకి మెంతులు తక్కువయ్యాయని బాధ, శ్రీకాకుళం బావకి అసలు ఇంత పులుపెందుకని బాధ. సీజను చివర లెక్కలు కూడితే ఎక్కువసార్లు పై వరసలో ఉండేది ఆ బావే, నాలుగు తరాల వేట ఇల్లు కదా. తలా రెండు రియాళ్ళు వేసి కొన్న శీలావతి ఆయన చేతిలో పెడితే చెరువు చేప బురద కంపని ముక్కు మూసుకుని, తిరిగి మామకే ఇచ్చేసేవాడు. మామ దాన్ని బకెట్లో మంచు కరగబెట్టి, పసుపూ ఉప్పూ రుద్ది, మొప్పలు ఎత్తి వాసన చూసి, "ఎన్నాళ్ళయిందో పాపం సచ్చి" అనేవాడు. రుచి? పీచుపీచుగా, నీళ్ళు నీళ్ళుగా ఉండేది. ఎముకలు మాత్రం ఉండాల్సిన చోట ఉండేవి, నాలుకకి దారి తెలిసేది. తలకాయ కోసం పోట్లాడుకునేవాళ్ళు.

ఇదంతా బాగుండేదని అనబోవడం లేదు. ఆ గట్టున కూర్చున్నవాళ్ళలో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటుకి కట్టి వచ్చినవాళ్ళే ఎక్కువ. జీతం నెలలకి నెలలు ఆగిన చలికాలం ఒకటుంది, ఆ ఏడు చేప ఆటకి కాదు, కూరకే పట్టాం, పుస్తకంలో బరువులు లేవు. తల్లి పోయిన సంగతి ఉత్తరం వచ్చేదాకా తెలియనివాడు ఆ ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకుని తన దిమ్మ మీదే ఈల మోగేదాకా కూర్చోవడం చూశాను. క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి సెలవు మీద పోయేవాడి చేతికిచ్చేవాళ్ళం. అది ఇంటికి చేరి, జవాబు నిండి, తిరిగొచ్చేసరికి అడిగిన ప్రశ్న అడిగినవాడికే గుర్తుండేది కాదు. ఆ నీళ్ళు కూడా అంత నిర్మలమైనవేం కాదు. 1991 యుద్ధంలో కువైట్ వైపు నుంచి నూనె తెట్టు తీరం వెంబడి దిగొచ్చి జుబైల్ ఎగువన అబూ అలీ దీవి దగ్గర ఆగిన సంగతి పాతవాళ్ళు చెబుతుంటే, మేం పట్టిన చేపని మళ్ళీ ఒకసారి వాసన చూసేవాళ్ళం.

మా లీగు ఒక్కరోజున పోలేదు. 2004లో ఖోబర్ దాడుల తర్వాత భద్రత బిగిసింది. మా దిమ్మలున్న వైపు కంచె ముందుకు జరిగింది, మేం అఖాతం వైపు మడచెట్ల అంచుకి మారాం. కోరంగి వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు వాటిని చూసి బురదలోంచి పైకి లేచిన వేళ్ళని తొక్కకుండా నడవడం మాకు నేర్పాడు. ఆ మడ కూడా చాలావరకు పూడికల కింద పోయింది, మిగిలినదాన్ని ఇప్పుడు పార్కు చేసి కాపాడుతున్నారు. 2013 వేసవిలో వారాంతపు సెలవు గురు, శుక్ర నుంచి శుక్ర, శనివారాలకి మారింది. ఆఫీసు వాళ్ళకి శనివారం దొరికి, సైటు వాళ్ళం శుక్రవారానికే మిగిలిపోయి, వాళ్ళు శనివారమూ మేం శుక్రవారమూ పోవడం మొదలయ్యాక రెండు పుస్తకాలయ్యాయి, రెండు పుస్తకాల లీగు లీగు కాదు. ఆ నవంబరు మొదటివారంలో, స్థానికులకే ముందు ఉద్యోగాలనే నితాఖత్ గడువు ముగిసింది. ఆజాద్ వీసా మీద బయట పని చేసుకునేవాళ్ళూ, స్పాన్సరుని వదిలి ఖల్లివల్లి అయిపోయినవాళ్ళూ కాగితాలు సరిచేసుకోలేక విమానాలెక్కారు, ఈల కూడా అలాగే వెళ్ళిపోయింది. ఫ్యామిలీ తెచ్చుకోగలిగినవాళ్ళు తెచ్చుకున్నారు, 2017లో కుటుంబంలో మనిషికింతని నెలనెలా రుసుం పడ్డాక మళ్ళీ పంపించేశారు. ఆ ఏడే సెప్టెంబరులో ఇంటర్నెట్ కాల్స్ మీద ఉన్న అడ్డు తీసేశారు. నాకు ఇదే అన్నిటికంటే పెద్ద కారణమనిపిస్తుంది, దీని మీద మాత్రం ఫిర్యాదు చేయడానికి నోరు రాదు. శుక్రవారం పొద్దున నాలుగు గంటలు గట్టున గడ్డకట్టి కూర్చోవడం కంటే, దుప్పట్లో పడుకుని ఫోన్లో కూతురు పళ్ళు తోముకోవడం చూడటం ఎవరికైనా మేలే. అందరి ముఖాలూ ఇంటి వైపు తిరిగాయి, పక్క మంచం వైపు తిరగడం తగ్గింది. ఇప్పుడు సఫ్వా నుంచి సముద్రం మీదుగా వంతెన కూడా పడింది. కార్లో వచ్చి కార్బన్ ఫైబరు రాడ్లతో గాలం వేసి పోయేవాళ్ళ ఫోటోలు చూస్తుంటాను. వాళ్ళు మాకంటే బాగా పడతారు.

పుస్తకం ఎవరి పెట్టెలో పోయిందో తెలియదు గానీ తగువు మాత్రం పోలేదు. ఆఖరి సీజన్లలో ఒకసారి జగిత్యాల అన్న పట్టిన షామ్, చూపుకి మించి తూగి, ఆయన్ని కాస్త తూకంతో బావని దాటించింది. బావ కాటా కుదిపి చూశాడు, చేప నోరు తెరిచి చూశాడు, పొట్ట కోసి చూపించమన్నాడు. అన్న కోయలేదు, గదికి తీసుకుపోయి వండుకుని తిన్నాడు. సీసపు గుండ్లు మింగించాడని బావ అభియోగం. అందరం ఊళ్ళకి చేరి, ఒకరి ఊసు ఒకరికి లేకుండా ఉన్న రోజుల్లో, 2022లో అమెరికాలో ఒహైయో దగ్గర లేక్ ఈరీ పోటీలో గెలిచిన చేపల పొట్ట అక్కడికక్కడే కోస్తే లోపల నిజంగానే సీసపు గుండ్లు బయటపడ్డ వీడియో నా ఫోనుకొచ్చింది. ఆ ఇద్దరికీ తర్వాత పది రోజులు జైలు పడింది. నేను ఊరుకోక దాన్ని అన్నకి పంపాను. గంటలో వాయిస్ మెసేజీ వచ్చింది. "అరె తమ్మీ, గుండ్లు గాదురా, జన! గప్పుడు గుడ్ల మీదున్నది గా శాప, పొట్ట నిండ జన. నీకు నేను ముంతెడు పంపలేదా? తిని మరిశినవా?" పంపాడో లేదో నాకు నిజంగా జ్ఞాపకం లేదు. దాన్ని బావకి పంపాను. ఆయన మర్నాటిదాకా మాట్లాడలేదు, తర్వాత ఒకే ముక్క: "జన అంత తూగదు." ఇప్పుడు ఇద్దరూ ఒకరి నంబరు ఒకరు తీసుకుని నేరుగానే తిట్టుకుంటున్నారట, మధ్యలో మామ కొడుకు కూడా చేరాడట. గ్రూపు పెట్టమని నన్ను అడుగుతున్నారు. పెట్టను, నన్ను తీర్పు చెప్పమంటారు.